అయోవాలో మా కౌంటీ, 12 టౌన్‌షిప్‌లు: ఈ జనాభా లెక్క ఎలా చదవాలి?

రేగడినేల

అందరికీ నమస్కారమండీ. డాలస్‌లో ఏడేళ్లు ఉన్నాం, మా ఆయన ఉద్యోగం మారడంతో మొన్న ఎండాకాలం నైరుతి అయోవాకి వచ్చేశాం. ఆడమ్స్ కౌంటీ, కౌంటీ సీటు (అంటే మన జిల్లా కేంద్రం లాంటి ఊరు) కార్నింగ్. 2020 లెక్కల్లో కౌంటీ మొత్తానికి 3,704 మంది, అయోవాలోని 99 కౌంటీల్లో అన్నిటికంటే తక్కువ జనం ఇక్కడే.

మా పాప ఐదో తరగతి. కౌంటీ మ్యాప్ గీసి టౌన్‌షిప్‌ల వారీగా జనాభా చూపించమన్నారు, దాంతో పాటు ఇక్కడి జనం ఎక్కడెక్కడ ఉన్నారు, ఎందుకు అక్కడే ఉన్నారు అని ఒక పేజీ రాయమన్నారు. పాపతో పాటు నేనూ కూర్చున్నా. కూర్చున్న కొద్దీ ప్రశ్నలు పెరుగుతున్నాయి.

టౌన్‌షిప్ అనగానే నాకు స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లే గుర్తొస్తాయి, గేటు, సెక్టార్లు, స్కూలు అలా. ఇక్కడ మ్యాప్‌లో లింకన్ టౌన్‌షిప్, యూనియన్ టౌన్‌షిప్ అని చక్కగా పేర్లున్నాయి కదా అని మొన్న ఆదివారం కారేసుకుని చూడ్డానికి వెళ్లాం. ఊరే లేదు! కంకర రోడ్డు, రెండు పక్కలా కోతైపోయిన మొక్కజొన్న మోళ్లు, ఎక్కడో ఒక ఇల్లు, దానికి అటువైపు చిన్న శ్మశానం. "టౌన్‌షిప్ ఎక్కడమ్మా" అని పాప అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంకో తికమక ఏంటంటే లెనాక్స్ అనే ఊరు పక్కనున్న టేలర్ కౌంటీ పట్టికలోనూ కనిపిస్తోంది, మా కౌంటీ పట్టికలోనూ కనిపిస్తోంది. ఊళ్ల జనాభా, టౌన్‌షిప్‌ల జనాభా రెండూ కలిపితే కౌంటీ జనాభా దాటిపోతోంది. కూడాలా, కూడకూడదా? ఇక 1900లో ఇదే కౌంటీలో 13,601 మంది ఉన్నారట, అంత మంది ఏమైపోయారు?

చివరగా ఒక చిన్న విషయం. ఉత్తరంగా కొన్ని కౌంటీలు దాటి వెళ్తుంటే, గీత గీసినట్టున్న రోడ్డు ఉన్నట్టుండి ఎడమకి తిరిగి, కొంచెం దూరం పోయి మళ్లీ ఉత్తరానికి తిరిగింది. అడ్డుగా కొండ లేదు, వాగు లేదు. అది ఎందుకలా వేశారో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మైలుగడి

చెల్లెమ్మా, అయోవాలో పంతొమ్మిదేళ్ల నుంచి ఉన్నాను, వచ్చిన కొత్తలో నాకూ ఇదే అయోమయం. మీరు ఊరి కోసం వెతికారు, అక్కడున్నది హద్దు మాత్రమే.

మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామాలు ఉంటాయి చూశారా, పేరుంటుంది, హద్దులుంటాయి, సర్వే నంబర్లుంటాయి, ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. దాన్ని గుర్తు పెట్టుకుంటే టౌన్‌షిప్ అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ ఇళ్లు లేకపోవడం కాదు, ఇళ్లన్నీ ఒకచోట ఊరుగా కట్టుకోకపోవడం. ఎవరి పొలంలో వాళ్ల ఇల్లు.

అసలు కథ 1785లో చేసిన భూమి చట్టం దగ్గర మొదలైంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పులు నెత్తిన ఉన్నాయి, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, పడమర వైపు భూమి ఉంది. అమ్మాలంటే ముందు కొలవాలి. అందుకని నేల ఎలా ఉందో చూడకుండా ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గడులుగా గీసేయమన్నారు. ఆ గడి పేరే టౌన్‌షిప్. దాని లోపల మైలు మైలు చొప్పున 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. గీతలు గీసినవాళ్లు అక్కడ అప్పటికే ఉంటున్న తెగలని అడగలేదు, నైరుతి అయోవా పోటావటోమీలు ఉన్న నేల, వాళ్లని 1840ల్లో ఇక్కడి నుంచి కాన్సాస్ వైపు పంపేశారు. పాప రాసే పేజీలో ఆ ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇక్కడి జనాభా లెక్క 1850ల్లో సున్నా నుంచి మొదలైనట్టు కనిపిస్తుంది, అది నిజం కాదు.

ఇప్పుడు మీ కౌంటీ తీసుకోండి. అడ్డంగా నాలుగు గడులు, నిలువుగా మూడు, మొత్తం 12. అంటే 24 మైళ్లకి 18 మైళ్లు, లెక్క ప్రకారం 432 చదరపు మైళ్లు రావాలి. నిజంగా ఉన్నది 426 వరకు. నూట డెబ్బై ఏళ్ల కిందట గొలుసులు లాక్కుంటూ గడ్డిలో నడిచి గీసిన గీతలకి ఆ తేడా చాలా తక్కువ. మీరు వెళ్లిన కంకర రోడ్డు సెక్షన్ గీత మీదే ఉంటుంది, ఈసారి కారు మీటరు చూడండి, మైలు మైలుకీ అడ్డరోడ్డు వస్తుంది.

అది కొలతల టౌన్‌షిప్. దాని మీద తర్వాత పాలన కోసం ఇంకో టౌన్‌షిప్ పెట్టారు, మీ కౌంటీలో రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి సరిపోతాయి కాబట్టి తేడా తెలియదు. అయోవాలో ఈ పాలనా టౌన్‌షిప్‌కి ముగ్గురు ట్రస్టీలు, ఒక క్లర్క్ ఉంటారు. పని తక్కువే. ఊళ్లకి బయట అగ్నిమాపక ఏర్పాటు, పాత శ్మశానాల బాగోగులు, ఇంకా పక్కపక్క రైతులకి కంచె దగ్గర తగువొస్తే వచ్చి చూసి తేల్చడం. మీరు చూసిన శ్మశానం బహుశా టౌన్‌షిప్ చూసుకునేదే అయ్యుంటుంది. రోడ్లు మాత్రం ఇక్కడ కౌంటీవి. ఇల్లినాయ్, ఒహాయో, మిన్నెసోటా వెళ్తే టౌన్‌షిప్‌లే సొంతంగా రోడ్లు చూసుకుంటాయి, అక్కడ దానికి బలం ఎక్కువ. కాబట్టి ఒక రాష్ట్రంలో నేర్చుకున్నది ఇంకో రాష్ట్రానికి పెట్టి చూడొద్దు.

గొలుసుకొలత

రోడ్డు వంకర ప్రశ్నకి జవాబు నేను చెప్తాను. సర్వే పనిలోనే రిటైర్ అయ్యాను, ఇక్కడ కాదు, మన దగ్గర.

భూమి గుండ్రంగా ఉంది కదా, ఉత్తరానికి పోయే గీతలు పోను పోను దగ్గరవుతాయి. దక్షిణం అంచున రెండు గీతల మధ్య సరిగ్గా ఆరు మైళ్లు పెట్టి పైకి నడిస్తే, మీరున్న అక్షాంశం దగ్గర ఒక టౌన్‌షిప్ దాటేసరికే వెడల్పు సుమారు 40 అడుగులు తగ్గుతుంది. ఒక గడికి 40 అడుగులు పెద్ద విషయం కాదు, పది గడులు పైకి పోతే 400 అడుగులు. అలాగే వదిలేస్తే పైన ఉన్నవాడికి ఎకరాలు ఎగిరిపోతాయి. అందుకని కొన్ని గడులకొకసారి అడ్డంగా ఒక దిద్దుబాటు గీత పెట్టి, దాని మీద మళ్లీ ఆరు మైళ్లు కొత్తగా కొలిచి మొదలుపెట్టారు. కింది నుంచి వచ్చిన గీత, పైన మొదలైన గీత ఒకదానికొకటి కలవవు. రోడ్డు సెక్షన్ గీత మీద పోతుంది కాబట్టి, గీత ఎక్కడ తప్పిందో అక్కడ రోడ్డూ పక్కకి తప్పుకోవాల్సిందే. మీరు ఎడమకి తిరిగి మళ్లీ కుడికి తిరిగారు చూశారా, ఆ రెండు మలుపుల మధ్య నడిచిన దూరమే భూమి గుండ్రంగా ఉందనడానికి రుజువు. పాపని అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టి చెప్పండి, జన్మలో మర్చిపోదు.

టౌన్‌షిప్ లోపల కూడా తేడా వస్తుంది, దాన్నంతా ఉత్తరం అంచు, పడమర అంచు సెక్షన్లలోకి తోసేస్తారు. అందుకే ఆ అంచు సెక్షన్లు నిండా 640 ఎకరాలు ఉండవు.

సెక్షన్ల నంబర్లు చూడండి, మన రైతుకి వెంటనే అర్థమయ్యే పద్ధతి. ఈశాన్యం మూల 1. అక్కడి నుంచి పడమరకి 6 దాకా. కింది వరసలో 6 కిందే 7, అక్కడి నుంచి తూర్పుకి 12 దాకా. మళ్లీ వెనక్కి. అరక కట్టి సాలు పోయి, చేను చివర ఎద్దుల్ని తిప్పి పక్క సాలు వెనక్కి వచ్చినట్టు. 36 ఆగ్నేయం మూలకి వస్తుంది. నడిమధ్యకి దగ్గరగా ఉండే 16వ సెక్షన్‌ని బడి కోసం కేటాయించారు, దాన్ని అమ్మి లేదా కౌలుకిచ్చి వచ్చిన డబ్బు చదువులకి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. వాళ్లు కొలిచింది గంటర్ గొలుసుతో, 66 అడుగులు. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. మన దగ్గరా అదే గొలుసు. తెలంగాణలో గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, సరిగ్గా అరగొలుసుకి అరగొలుసు, అందుకే ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రా సెంటు కూడా చదరపు గొలుసులో పదో వంతే. అయోవా సెక్షన్ అంటే 25,600 గుంటలు అని పాపకి చెప్పండి, వాళ్ల తాతకి ఫోన్ చేసి చెబితే ఆయనకి వెంటనే కళ్లకి కడుతుంది.

పట్టాలో మీ కౌంటీ టౌన్‌షిప్‌లకి పేరు బదులు "71 నుంచి 73 ఉత్తరం, 32 నుంచి 35 పడమర" అని ఉంటుంది. ఆ లెక్క మొదలయ్యే స్థలం అయోవాలో లేదు, కింద ఆర్కన్సాలో ఒక చిత్తడి నేలలో ఉంది. 1815లో అక్కడ గుర్తు పెట్టారు. అక్కడి నుంచి ఆరు మైళ్ల చొప్పున 72వ గడి అంటే 430 మైళ్ల చిల్లర పైకి వచ్చారన్నమాట.

జనలెక్కలు

సెన్సస్ పట్టికలతోనే నా ఉద్యోగం, కాబట్టి ఈ ముక్క నేను చెప్తాను. రేగడినేల గారూ, కూడొద్దండీ! ఊరూ టౌన్‌షిప్పూ రెండు వేర్వేరు పట్టికలు. ఒకే జనాన్ని రెండు రకాలుగా కోసి చూపిస్తారు. కౌంటీని సందు లేకుండా పూర్తిగా కప్పేది టౌన్‌షిప్‌ల పట్టిక, దాన్ని పైనుంచి కింద దాకా కూడితే కౌంటీ మొత్తం రావాలి. ఊళ్ల పట్టిక కౌంటీని పూర్తిగా కప్పదు, పొలాల్లో ఇళ్లున్న వాళ్లు అందులో ఎవరికీ చెందరు.

ఇందులోనూ రాష్ట్రానికో పద్ధతి ఉంది. మిషిగన్‌లో విలేజ్ టౌన్‌షిప్‌లో భాగం, దాని జనం టౌన్‌షిప్ లెక్కలోనే ఉంటారు, సిటీ మాత్రం టౌన్‌షిప్ నుంచి పూర్తిగా బయటికి వచ్చేస్తుంది. విస్కాన్సిన్‌లో సిటీ, విలేజ్ రెండూ బయటే, పైగా అక్కడ టౌన్‌షిప్‌ని టౌన్ అంటారు. టెక్సస్‌లో పాలనా టౌన్‌షిప్‌లే లేవు కాబట్టి డాలస్‌లో మీకు ఈ మాట తగల్లేదు. టౌన్‌షిప్‌లు లేని చోట సెన్సస్ వాళ్లే లెక్క కోసం కౌంటీని ముక్కలు చేసి పేర్లు పెట్టుకుంటారు, వాటికి ట్రస్టీలూ ఉండరు, ఎన్నికలూ ఉండవు.

లెనాక్స్ తప్పు కాదు. ఊరు ఎక్కువ భాగం టేలర్‌లో, కొంచెం మీ ఆడమ్స్‌లో. ఊరి హద్దు కౌంటీ హద్దు దాటొచ్చు, సెన్సస్ రెండు చోట్లా వాళ్ల వాళ్ల ముక్క చూపిస్తుంది. పక్కన "భాగం" అని రాసి ఉందో లేదో చూడండి, మీ మ్యాప్‌లో మీ వైపు ముక్క మాత్రమే వేయండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. 2020 లెక్కల్లో చిన్న చిన్న చోట్ల అంకెల్ని అక్షరాలా నమ్మకండి. మనుషుల వివరాలు బయటపడకుండా ఉండాలని సెన్సస్ వాళ్లు కావాలనే అంకెల్ని అటూ ఇటూ కొంచెం కదిపారు. రాష్ట్రం మొత్తం జనాభా కదపలేదు, అయోవా 3,190,369 అంటే అంతే. కింద బ్లాకుల దాకా (బ్లాకు అంటే సెన్సస్ లెక్కలో అన్నిటికంటే చిన్న ముక్క) ఇళ్ల సంఖ్య కూడా కదపలేదు. మిగిలినవి, అంటే కౌంటీ, టౌన్‌షిప్, ఊరు, బ్లాకు జనాభాలన్నీ కొద్దిగా కదిలినవే. కౌంటీ స్థాయిలో ఆ తేడా పట్టించుకోనంత చిన్నది. పది, ఇరవై మంది ఉండే చోట మాత్రం కథే మారిపోతుంది. నెబ్రాస్కాలో మోనోవై అని ఒక ఊరుంది, 2010లో జనాభా ఒకరు. ఒకే ఒక పెద్దావిడ, ఊరికి మేయరూ ఆవిడే, హోటల్ నడిపేదీ ఆవిడే. 2020లో ఆ ఊరికి ఇద్దరని వచ్చింది. ఆవిడ మాత్రం ఒక్కతే ఉంది, రెండో మనిషి ఆ కదిపిన అంకెలోంచి వచ్చినదే.

అందుకని ఏదైనా టౌన్‌షిప్‌లో పదేళ్లలో ఏడుగురు తగ్గారని పాప రాస్తే ఆపండి, అది నిజంగా తగ్గుదలో అంకెల కదలికో చెప్పలేం. ఇళ్ల సంఖ్య పక్కన పెట్టి చూడమనండి.

ఇంకో ఉచ్చు జైళ్లు. ఖైదీల్ని వాళ్ల సొంత ఊళ్లో కాకుండా జైలున్న చోటే లెక్కిస్తారు. మీ కౌంటీకి ఇది వర్తించదు కానీ పాప వేరే కౌంటీతో పోల్చాలనుకుంటే తెలియాలి. తూర్పు అయోవాలో జోన్స్ కౌంటీ, అనమోసా. 2000 లెక్కల ప్రకారం ఆ ఊళ్లో ఒక వార్డులో దాదాపు 1,400 మంది, అందులో దగ్గర దగ్గర 1,300 మంది జైల్లో ఉన్నవాళ్లు, ఓటు లేదు. ఒకాయన రెండంటే రెండు ఓట్లతో కౌన్సిల్‌కి గెలిచాడు. తర్వాత ఆ ఊరు వార్డుల పద్ధతే తీసేసింది.

మ్యాప్‌కి నా సలహా, గడుల్ని రంగులతో నింపొద్దు. రంగు వేస్తే గడి మొత్తం జనం సమానంగా పరుచుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. పది మందికి ఒక చుక్క పెట్టించండి.

మొక్కజొన్నచేను

అంత మంది ఏమైపోయారన్న దానికి పెద్ద రహస్యం లేదండీ, గుణకారం చేస్తే తేలిపోతుంది. ఒక సెక్షన్ 640 ఎకరాలు. నాలుగు ముక్కలు చేస్తే 160, అదే అప్పటి రైతు కుటుంబం కొలత. గుర్రాలతో దున్ని, చేత్తో కంకులు విరిచే రోజుల్లో 160 ఎకరాలంటే ఇంటిల్లిపాదికీ ఊపిరాడని పని. సెక్షన్‌కి నాలుగు కుటుంబాలు, 36 సెక్షన్లకి 144. ఇంటికి ఐదుగురు అనుకోండి, టౌన్‌షిప్‌కి 720 మంది. 12 టౌన్‌షిప్‌లకి 8,640. దానికి ఊళ్లలో కొట్లవాళ్లు, కమ్మరులు, రైలు పనివాళ్లు, బొగ్గు గనుల వాళ్లు కలిపితే 1900 నాటి 13,601 దగ్గరికి వచ్చేస్తాం. ఇది నా అంచనా లెక్కే, కానీ ఆ అంకె గాల్లోంచి రాలేదని తెలుస్తుంది.

ఇప్పుడు ట్రాక్టరు, కంబైన్ వచ్చాక ఒక కుటుంబం రెండు సెక్షన్లు అవలీలగా చేస్తుంది. నేల అంతే ఉంది, పంట అప్పటికంటే ఎన్నో రెట్లు, మనుషులే అక్కర్లేకుండా పోయారు. వరసగా చూడండి: 1940లో 10,156, 1950లో 8,753, 1970లో 6,322, 1980లో 5,731, 1990లో 4,866, 2010లో 4,029, ఇప్పుడు 3,704. 1980 నుంచి 1990 మధ్య ఒక్క పదేళ్లలోనే నూటికి 15 మంది పోయారు. అది రైతు సంక్షోభం కాలం, అప్పుచేసి కొన్న భూముల ధరలు పడిపోయి బ్యాంకులు వేలం వేసిన రోజులు.

ఎక్కడున్నారు, ఎందుకున్నారు అన్నదానికి రైలు చూడండి. 1870లో 4,614 మంది, 1880కి 11,888! దానికి కాస్త ముందే రైలు వచ్చింది, జనం దాని వెనకే వచ్చారు. అప్పటిదాకా కౌంటీ సీటు క్విన్సీ. రైలు కార్నింగ్ మీదుగా పోయింది, 1872లో కోర్టూ కార్నింగ్‌కి పోయింది, క్విన్సీ ఊరుగా మిగల్లేదు, టౌన్‌షిప్ పేరుగా మిగిలింది. ఇప్పటికీ ఆ లైను మీద ప్యాసింజర్ రైలు పోతుంది కానీ కార్నింగ్‌లో ఆగదు, పక్క కౌంటీ క్రెస్టన్‌లో ఆగుతుంది.

పాప పేజీకి పనికొచ్చే ఇంకో ముచ్చట, లేక్ ఐకేరియా పేరు. 1850ల్లో ఫ్రెంచ్ వాళ్లు కొందరు ఇల్లినాయ్‌లోని నావూ నుంచి వచ్చి ఆస్తి అంతా ఉమ్మడిగా పెట్టుకుని ఇక్కడ ఒక పల్లె కట్టుకున్నారు, పేరు ఐకేరియా. 1898 దాకా నడిచింది. ఆ చెరువుకి వాళ్ల పేరే.

నిజం చెప్పాలంటే బాధగా ఉంటుంది. వందేళ్ల పైచిలుకు ఏకధాటిగా తగ్గుతూ వచ్చిన చోటు. ఇలాంటి కౌంటీలు ఖాళీ అయిపోతున్నాయి.

మైలుగడి

మొక్కజొన్నచేను గారూ, గుణకారం వరకు ఒప్పుకుంటాను, ఖాళీ అన్నమాట మాత్రం ఒప్పుకోను. ఖాళీ అయితే నేల పడావు పడాలి కదా. ఆడమ్స్ కౌంటీలో పడావు ఎక్కడుంది? నోడవే నదుల పాయల పక్క వాలు నేలల్లో పచ్చిక, పశువులు, మిగతాదంతా మొక్కజొన్న, సోయా. ప్రతి సెక్షన్‌లో ఎవరో ఒకరు విత్తుతూనే ఉన్నారు. పోయింది పనిచేసే చేతులు, దాంతో పాటు బడి, చర్చి, కిరాణా కొట్టు. అది పెద్ద నష్టమే, నేను కాదనను, ఆసుపత్రికి ఎంత దూరం పోవాలో ఇక్కడ బతికే మాకు తెలుసు. కానీ "ఖాళీ" అని రాస్తే అక్కడ మిగిలి ఉన్న 3,704 మందిని కూడా చెరిపేసినట్టు అవుతుంది. ఆ ఐదో తరగతి పిల్ల ఆ మాట చదివి బడికెళ్తుంది, వాళ్ల క్లాసులో ఉన్న పిల్లలంతా అక్కడివాళ్లే.

బడుల గురించి చెప్పాను కాబట్టి: పాత రోజుల్లో ఒక టౌన్‌షిప్‌లో మామూలుగా తొమ్మిది ఒంటిగది బడులు. నాలుగు సెక్షన్లకి ఒకటి, పిల్లలు నడిచి వెళ్లగలిగేంత దూరంలో. ఇప్పుడు కౌంటీ మొత్తానికి తొమ్మిది లేవు. కార్నింగ్‌లో కోర్టు హౌస్‌కి వెళ్లి పాత ప్లాట్ పుస్తకం (పొలాల మ్యాపుల పుస్తకం) అడగండి, టౌన్‌షిప్‌కి ఒక పేజీ ఉంటుంది, ఆ బడులు గుర్తులతో సహా కనిపిస్తాయి. అక్కడివాళ్లు బాగా చూపిస్తారు.

మొక్కజొన్నచేను

సరే అండీ, మాట జారింది, వెనక్కి తీసుకుంటున్నా. మా ఊరు తూర్పు నెబ్రాస్కాలో ఉంది, మొన్ననే మా బడి పక్క ఊరి బడిలో కలిపేశారు, ఆ కోపంలో రాశాను.

రేగడినేల

అందరికీ చాలా చాలా థాంక్సండీ. పది రోజుల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి.

కోర్టు హౌస్‌కి వెళ్లాం. అక్కడున్న పెద్దావిడ పాత ప్లాట్ పుస్తకం బల్ల మీద పరిచి, పాపకి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఒక్కో పేజీలో 36 గడులు, గడిలో పొలం హద్దులు, పొలం మీద సొంతదారు పేరు. ఎద్దులు తిరిగినట్టు 1 నుంచి 36 దాకా పాప వేలు పెట్టి తిప్పుకుంటూ వెళ్లింది, 6 దగ్గర కిందికి దిగి 7కి వెనక్కి తిరగడం రెండోసారికే వచ్చేసింది. సెక్షన్ల మూలల్లో చిన్న చిన్న నల్ల చుక్కలు, అవే బడులట. మేం ఆదివారం వెళ్లిన టౌన్‌షిప్ పేజీలో లెక్కపెడితే ఎనిమిది దొరికాయి, తొమ్మిదోది ఎక్కడుందా అని చాలాసేపు వెతికాం. పేజీ మడత అరిగిపోయిన చోట ఉందేమోనని ఆవిడ అంది. ఆ శ్మశానం కూడా కనిపించింది, దాని పక్కనే ఒక చుక్క.

మ్యాప్ జనలెక్కలు గారు చెప్పినట్టే చుక్కలతో వేశాం, పది మందికి ఒకటి, మొత్తం 370. కార్నింగ్ జనాభా 1,564, అంటే 156 చుక్కలు ఆ చిన్న చోట్లోనే రావాలి. పాప పెన్సిల్‌తో పెట్టుకుంటూ పోతే అరవై దగ్గరే నల్లగా అలుక్కుపోయింది. చివరికి కార్నింగ్‌ని వేరే కాగితం మీద పెద్దగా గీసి పక్కన అంటించాం. పొలాల్లోని చుక్కలు ఎక్కడ పెట్టాలంటే గడి మధ్యలో పెట్టబోయింది, అక్కడ చేనే తప్ప ఇళ్లుండవు కదా అని గుర్తు చేస్తే అన్నిటినీ రోడ్ల పక్కకి జరిపింది. అప్పుడు చూస్తే రోడ్లు గీయకుండానే మైలు గడులు కొంతవరకు కనిపించాయి.

ఇంకొక్క సందేహం మిగిలింది. లెనాక్స్‌లో మా వైపు ముక్కకి జనం పది కంటే తక్కువ వస్తే చుక్క పెట్టాలా, మానేయాలా?

జనలెక్కలు

చుక్క పెట్టొద్దు, కానీ ఊరి హద్దు గీత మాత్రం గీసి పేరు రాయించండి. కింద ఒక చిన్న గమనిక, పది మంది కంటే తక్కువ ఉన్న చోట చుక్క వేయలేదు అని. అంకెలు 2020వి అని కూడా రాయమనండి.